ఎముకను కట్టు మందులు – మన కర్తవ్యము
(విశాఖపట్టణమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందలి ఉపన్యాస పాఠము)



సంఘ మహాసభలయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహ వ్యయములను తగ్గించుటను గూర్చియు, నిరుద్యోగులగు యువకులను గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. అట్టి వేదికపై ఎముకలను గూర్చి మాటలాడుడని మమ్ము నియోగించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని లోకరక్షణకై తన వెన్నెముకనే దానమిచ్చిన దధీచి మహర్షి కథ వినని వారు మనలో లేరు. ఆ యెముకతో వజ్రాయుధము నిర్మితమయ్యెనని పురాణము చెప్పుచున్నది. వజ్రమునకు చాలిన యెముక మహర్షికి ఉండెను గాని, మన యిండ్లలో కుటుంబభారమును నలువది యేబది సంవత్సరములు మోసిన తల్లులకు, వార్ధక్యమున తమ దేహభారమును మోయుటకు చాలిన యెముకయైనను మిగులుట లేదు. ఈ ప్రసంగము వారి నిమిత్తము.

గడప దాటుచు కాలుజారి, లేక స్నానపు గదిలో తడినేలపై పడి, పెద్దలకు తుంటి యెముక విరుగుట మనము తరచుగా వినుచున్న వార్తయే. "పెద్దవయస్సు, పడినది, విరిగినది, ఏమి చేయుదుము?" అని మనము సరిపెట్టుకొనుచున్నాము. తుంటి విరిగిన వృద్ధులలో సుమారు ఐదింట ఒకరు సంవత్సరము తిరుగక మునుపే గతించుచున్నారని పలుదేశముల వైద్యులు లెక్కించియున్నారు. బ్రతికినవారిలో అనేకులు మునుపటివలె నడువలేక పరాధీనులగుచున్నారు. నిలుచున్న యెత్తునుండి పడినంత మాత్రమున విరిగిన యెముక, పడుటవలన విరిగినది కాదు. అంతకు పూర్వమే లోలోపల గుల్లబారియుండుటవలన విరిగినది. ఈ వ్యాధిని వైద్యులు ఆస్టియోపొరోసిస్ అందురు. దీనిని ముందుగా కనుగొనవచ్చును. మాన్పుటకు మందులును గలవు. అంతేకాదు, పోయిన యెముకను తిరిగి కట్టు మందులు సైతము మన కాలమున వెలువడినవి. ఆ మందులు ఎట్లు పుట్టినవి, వానిని ఎట్లు పరీక్షించిరి, వాని విషయమున మన సంఘము చేయవలసినదేమి అను మూడు సంగతులను విన్నవించుచున్నాము.

ముందుగా ఎముక యననేమో తెలిసికొనవలెను. ఓడరేవును ఉక్కు కర్మాగారమును గల ఈ పట్టణమున దీనిని వివరించుట సులభము. కట్టడపు స్తంభమున ఉక్కు చువ్వలును సిమెంటు గచ్చును కలిసి బరువును మోయుచున్నవి. చువ్వ వంగి సాగు గుణము గలది. గచ్చు అణచివేతకు లొంగని గుణము గలది. రెండింటిలో ఏది లోపించినను స్తంభము నిలువదు. ఎముకలో చువ్వల స్థానమున కొల్లాజెను అను మాంసకృత్తు నారలును, గచ్చు స్థానమున కాల్షియము, భాస్వరము కలిసిన ఖనిజమును ఉన్నవి. కాని స్తంభమునకు లేని గొప్పగుణ మొకటి యెముకకు గలదు. అది సజీవము. అందు పాతబడిన భాగమును తొలుచు కణములు కొన్ని, ఆ తొలిచినచోట కొత్త యెముకను కట్టు కణములు కొన్ని, ఈ రెంటిని అదుపులోనుంచుచు ఎముకలోపలనే పాతుకొనియుండు కాపరి కణములు కొన్ని ఉన్నవి. పెద్దవారి అస్థిపంజరమున ఏటేట సుమారు పదియవ వంతు ఈ విధముగా కొత్తదగుచుండును. అనగా మన దేహమున మరమ్మతు పని యెన్నడును ఆగుట లేదు.

ముప్పదియేండ్ల ప్రాయము వచ్చులోగా ఎముకసంపద పరిపూర్ణమగును. పిమ్మట తొలుచుట మెల్లగా పైచేయి యగును. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత కొన్ని సంవత్సరములు ఈ నష్టము మిక్కిలి వేగముగా జరుగును. ఎముకను కాపాడు స్త్రీ హార్మోను అప్పుడు తగ్గిపోవుటయే దానికి కారణము. ఉబ్బసమునకును కీళ్ళనొప్పులకును స్టెరాయిడు మాత్రలను వైద్యుని పర్యవేక్షణ లేక నెలలతరబడి మ్రింగువారికి, పురుషులైనను యువకులైనను, ఇదే గతి పట్టును. నొప్పి లేదు, జ్వరము లేదు. దొంగ రాత్రివేళ కన్నము వేసినట్లు ఎముక తరుగుచుండును. వెన్నుపూస నలిగి నడుము వంగినను, అది విరుగుడని తెలియక "ముసలితనపు గూను" అని మనము అనుకొనుచున్నాము.

మన తెలుగుదేశమున ఈ కన్నము మరింత ముందుగా పడుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న గారును వారి సహచరులును అల్పాదాయ కుటుంబములలోని 30 మొదలు 60 సంవత్సరముల స్త్రీలను పరీక్షించి, 2005లో ఫలితములను ప్రకటించిరి. ఆ స్త్రీలకు ఆహారమున దినమునకు లభించు కాల్షియము సగటున 300 మిల్లీగ్రాములైనను లేదు; ఎముకల సాంద్రత వయస్సుకు తగినంత లేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనమున, సంవత్సరము పొడవునను ఎండకాయు ఆ ప్రాంతమున, ఆరోగ్యవంతులని తలపబడు వారిలోనే కాల్షియము కొరతయు డి విటమిను కొరతయు విశేషముగా కనబడినవి. ఎండ ఉన్నంత మాత్రమున చాలదు. అది చర్మమునకు తగులవలెను.

ఇక మందుల సంగతి. ఈ వ్యాధికి మందులు రెండు తెగలు. మొదటి తెగ తొలుచు కణములను అణచునది. అమెరికాలో 1995లో అనుమతి పొందిన అలెండ్రోనేటు మాత్ర, 2007లో అనుమతి పొందిన, ఏడాదికొకసారి నరమునకెక్కించు జోలెడ్రోనిక్ ఆమ్లము ఈ తెగలోనివి. ఇవి దొంగను పట్టుకొనుచున్నవి, ఉన్న సొత్తును నిలుపుచున్నవి. విరుగుళ్ళను తగ్గించుచున్నవనుటలో సందేహము లేదు. కాని గోడ సగము కూలిన యింటికి కావలివాడు మాత్రము చాలునా? తాపీవాడు కావలెను. కొత్త యెముకను కట్టించు మందు రెండవ తెగ. దీనికై శాస్త్రజ్ఞులు ఒక శతాబ్దము పాటుపడిరి. ఆ ప్రయత్నములలో మొదట గొప్ప ఆశను పుట్టించి, పిమ్మట గొప్ప పాఠమును నేర్పినది ఫ్లోరైడు. దాని కథలో మన ప్రాంతమునకు ప్రత్యేక స్థానము గలదు.

ఫ్లోరైడు ఎముకను కట్టు కణములను ప్రేరేపించునని తెలిసినందున, 1961 మొదలు దానిని గుల్లబారిన యెముకలకు మందుగా ఇచ్చి చూచిరి. చిత్రమేమనగా, ఆ మందు మానవదేహమున అధికమైనచో ఏమి జరుగునో అంతకు పూర్వమే మన పల్లెలు చూపియుండెను. మద్రాసు రాజధానిలో, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలో, బావినీటియందలి ఫ్లోరైడు వలన వెన్ను బిగిసి, మెడ త్రిప్పలేక, నడుమెత్తలేక బాధపడు వారిని గూర్చి షార్టు మొదలగు వైద్యశాస్త్రజ్ఞులు 1937లో భారత వైద్య పరిశోధన పత్రికయందు ప్రకటించిరి. ఈ దేశమున ఈ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి వైద్య నివేదికలలో అది ప్రసిద్ధమైనది. ఛాయాచిత్రములలో వారి వెన్నెముకలు తెల్లగా, దట్టముగా, బలిష్ఠముగా కనబడును. చూచుటకు వజ్రము, బ్రతుకుటకు శిక్ష. పిమ్మట 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి గారును కమలా కృష్ణస్వామి గారును, ఫ్లోరైడు నీటి ప్రాంతములలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన యువకులను పరీక్షించి, వారిలో ఎముకలు గుల్లబారుటయు గలదని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఒకే విషము ఒకచోట ఎముకను దట్టము చేయుచు, మరియొకచోట గుల్ల చేయుచుండెను. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తీసివేయు విధానమునకు నల్లగొండ పద్ధతియను పేరు వచ్చుటయే, ఆ జిల్లా పడిన బాధకు సాక్ష్యము.

ఇట్టి ద్రవ్యమును కొలతగా ఇచ్చినచో మేలగునా యను ప్రశ్నకు అమెరికాలోని మేయో వైద్యసంస్థకు చెందిన రిగ్సు గారును వారి సహచరులును 1990లో సమాధానము చెప్పిరి. ముట్లుడిగి, ఎముకలు గుల్లబారిన 202 మంది స్త్రీలను రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకు దినమునకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడును, రెండవ భాగమునకు మందులేని ఉత్తుత్తి మాత్రను నాలుగేండ్లు ఇచ్చిరి. ఇరువురికిని కాల్షియము ఇచ్చిరి. ఫ్లోరైడు తీసికొన్నవారికి నడుము వెన్నుపూసల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగెను. ఇంతటి వృద్ధిని చూచినవారెవరైనను జయము కలిగెనని తలచియుందురు. కాని వెన్నుపూసల విరుగుళ్ళు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. వెన్నుకు వెలుపలి యెముకలు విరుగుట మాత్రము మందు లేనివారియందుకన్న మందు తిన్నవారియందే ఎక్కువయ్యెను. పెరిగిన యెముక మేడిపండు చందమున పైకి నిండుగా నుండి, లోకట్టడమున లోపభూయిష్ఠమై యుండెను. చువ్వలు సరిగా కట్టక గచ్చు మాత్రము అధికముగా పోసిన స్తంభమువంటిది అది.

మహాజనులారా! ఈ ప్రసంగమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే. ఎముకను పెంచుట వేరు, ఎముకను బలపరచుట వేరు. సాంద్రతను కొలుచు యంత్రము మంచి సాక్షియే గాని కడపటి న్యాయాధిపతి కాదు. కడపటి తీర్పు చెప్పవలసినది ఒక్కటే: మందు తిన్నవారికి ఎముకలు విరుగుట తగ్గినదా, లేదా? ఈ ప్రశ్నను వేలమందిపై, సంవత్సరములతరబడి, ఉత్తుత్తి మందుతో పోల్చి విచారించిన పిమ్మటనే ఏ మందునైనను అంగీకరింపవలెను. ఆ పరీక్షలో నిలిచిన మందులు ఏవో ఇక చెప్పెదము.

మెడలో కంఠగ్రంథి వెనుక ధాన్యపు గింజలంతేసి చిన్నగ్రంథులు నాలుగు ఉన్నవి. వానినుండి ఊరు పారాథైరాయిడు హార్మోను రక్తమున కాల్షియము తగ్గకుండ కాపాడును. కాలిప్ గారు 1925లో ఈ గ్రంథుల సారమును వేరుచేసిరి. అదే సంవత్సరమున మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డునందు ఫిస్కె గారితో కలిసి, రక్తమునందలి భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఎముక ఖనిజమున సగము కథ భాస్వరముదే గనుక, దశాబ్దములపాటు ప్రపంచమునందలి ప్రయోగశాలలు ఆ తెలుగువాని కొలబద్దనే చేతబూనినవి. కొలత లేనిదే మందు లేదు. ఆ కొలత మనవాడు ఇచ్చెను.

ఈ హార్మోను అతిగా, ఎడతెగక ఊరినచో ఎముకను కరగించి కాల్షియమును రక్తమునకు చేర్చును. అట్టిది ఎముకను కట్టునని ఎవరు ఊహింతురు? కాని 1929లో బావర్, ఆబ్, ఆల్‌బ్రైట్ గారలు దాని సారమును ఎలుకలకిచ్చి చూడగా వాని యెముకలలోని లోదూలములు పెరిగినవి. 1932లో హాన్స్ సెల్యే గారును కొద్ది మోతాదులవలన కొత్త యెముక పుట్టుటను గాంచిరి. కీలకము మోతాదునందును వేళయందును ఉన్నది. వరిచేనికి వంతులవారీగా నీరు పెట్టినచో పంట. తూము మూయక వదలినచో ముంపు. దినమునకొకసారి స్వల్పముగా ఇచ్చి, అది కొద్దిగంటలలో రక్తమునుండి తొలగిపోవునట్లు చేసినచో కట్టు కణములు మేల్కొనుచున్నవి. ఎడతెగక ఉన్నచో తొలుచు కణములు విజృంభించుచున్నవి. ఈ చిన్న సత్యము మందుగా మారుటకు డెబ్బదియేండ్లు పట్టెను.

ఆ హార్మోనునందు 84 అమినో ఆమ్లములు వరుసగా కూర్చబడియున్నవి. వానిలో మొదటి 34 మాత్రమే చాలునని తేలెను. ఆ తునుకకు టెరిపారటైడు అని పేరు. సూక్ష్మజీవులయందు దానిని పండించి, శుద్ధిచేసి, దినమునకు 20 మైక్రోగ్రాముల చొప్పున చర్మము క్రింద సూదితో ఇచ్చుదురు. నీర్ గారును వారి సహచరులును 1637 మంది స్త్రీలపై చేసిన పరీక్షా ఫలితములు 2001లో వెలువడినవి. ఉత్తుత్తి మందు తీసికొన్నవారిలో నూటికి 14 మందికి కొత్తగా వెన్నుపూసలు విరుగగా, ఈ మందు తీసికొన్నవారిలో నూటికి 5 గురికి మాత్రమే విరిగినవి. వెన్నుకు వెలుపలి విరుగుళ్ళును సుమారు సగమునకు తగ్గినవి. ఫ్లోరైడు ఓడిపోయిన చోట ఈ మందు గెలిచెను. ఏలయన కొలతయందు మాత్రమేగాక, కాలు జారి పడిన క్షణమునందు గెలిచెను.

అయినను శాస్త్రము జాగరూకత వీడలేదు. మితిమీరిన మోతాదును దాదాపు జీవితకాలమంతయు ఇచ్చిన ఎలుకలలో ఎముక పుండు, అనగా కాన్సరు, కనబడినందున ఆ పరీక్షను ముందుగానే ఆపివేసిరి. అమెరికా ప్రభుత్వము 2002లో మందును అనుమతించినను ఘాటైన హెచ్చరికను ముద్రింపించెను. రెండేండ్లకు మించి వాడరాదనెను. అనేక సంవత్సరములు మనుష్యులను గమనించిన పిమ్మట, వారియందు అట్టి ఉపద్రవము అధికము కాలేదని తేలినందున, 2020లో ఆ హెచ్చరికను తొలగించిరి. స్టెరాయిడువలన గుల్లబారిన యెముకలకు సైతము 2009లో ఈ మందు అనుమతి పొందెను. అదే మార్గమున పుట్టిన అబాలోపారటైడు 2017లో వచ్చెను.

రెండవ మందు పుట్టుక మనవంటి సంఘములు ప్రత్యేకముగా వినదగినది. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ అను తెల్లజాతి కుటుంబములలో కొందరు బిడ్డలకు ఎముకలు అదుపులేక పెరుగు వ్యాధి యుండెను. హాలెండు దేశమున ఉర్క్ అను బెస్తల ఊరి కుటుంబములలోను దానివంటి మరియొక వ్యాధిని వాన్ బుకెం గారు 1955లో వర్ణించిరి. ఈ రెండును తమలో తాము వివాహములు చేసికొను చిన్న సంఘములు. ఆ బిడ్డలు పడినను ఎముకలు విరుగవు. కాని తలపుర్రె మందమై ముఖనరములు నలిగి, మూతి వంకరపోవుటయు, చెవుడు వచ్చుటయు, కొందరు చిన్నతనముననే మరణించుటయు గలదు. ఆ కుటుంబములు తమ కష్టమును దాచుకొనక వైద్యుల కెరిగించినవి; రక్తమిచ్చినవి; వంశవృక్షములు చెప్పినవి. దానిఫలముగా 2001లో దోషమున్న జన్యువు దొరికెను. ఎముకలోని కాపరి కణములు స్క్లెరోస్టిన్ అను పదార్థమును విడిచి, "ఇక చాలు, కట్టవద్దు" అని కట్టు కణములను ఆపుచున్నవనియు, ఆ రోగులయందు ఆ పదార్థము లోపించినదనియు తేలెను. తలిదండ్రులలో ఒక్కరినుండియే దోషము సంక్రమించిన వారికి బాధ లేదు, ఎముకబలము మాత్రము అధికము. అట్లయినచో గుల్లబారిన యెముకగల వారియందు స్క్లెరోస్టినును కొంతకాలము కట్టివేసిన నేమి? ఈ యూహనుండి పుట్టినది రోమోసోజుమాబు.

నెలకొకసారి చొప్పున పండ్రెండు నెలలు దీనిని ఇచ్చుదురు. 7180 మంది స్త్రీలపై జరిగి, 2016లో వెలువడిన పరీక్షలో మొదటి సంవత్సరమున వెన్నుపూసల విరుగుళ్ళు నూటికి 73 వంతులు తగ్గినవి. 4093 మందిపై జరిగి, 2017లో వెలువడిన పరీక్షలో, ఒక సంవత్సరము ఈ మందును పిమ్మట అలెండ్రోనేటును తీసికొన్నవారికి, మొదటినుండి అలెండ్రోనేటు మాత్రమే తీసికొన్నవారికంటె తుంటి విరుగుళ్ళు నూటికి 38 వంతులు తక్కువయ్యెను. కాని ఆ పరీక్షయందే మొదటి సంవత్సరమున గుండెకును రక్తనాళములకును సంబంధించిన తీవ్రోపద్రవములు ఈ మందువారిలో నూటికి 2.5, అలెండ్రోనేటువారిలో 1.9 చొప్పున కనబడినవి. అందువలన 2019లో అనుమతించునపుడు, గడచిన సంవత్సరములో గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చినవారికి దీనిని ప్రారంభింపరాదని అమెరికా ప్రభుత్వము హెచ్చరించెను. మేలును కీడును ఒకే త్రాసున తూచి చెప్పుట శాస్త్రమర్యాద. మేలు మాత్రమే చెప్పువాడు వైద్యుడు కాడు, వర్తకుడు.

ఈ మందులకు ఒక నియమము గలదు. స్లాబు పోసిన తరువాత నీళ్ళు కట్టి తడుపనిచో అది బీటలువారునను సంగతి మన మేస్త్రీలందరికిని తెలియును. అట్లే ఎముక కట్టు మందు గడువు ముగిసిన వెంటనే, తొలుచు కణములను అణచు మొదటి తెగ మందును అందుకొననిచో, కట్టిన యెముక తిరిగి కరగిపోవును. నెలకు వేలరూపాయలు పోసి కట్టించి, చౌకయైన మాత్రదగ్గర నిర్లక్ష్యము చేయుట వ్రతము చేసి ఫలము వదలుకొనుటయే.

ఇక విశాఖ విషయము. ఈ పట్టణమున 1923 నుండి ఆంధ్ర వైద్య కళాశాలయు, దాని నాశ్రయించి కింగు జార్జి ఆసుపత్రియు వెలయుచున్నవి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఔషధశాస్త్రము బోధింపబడుచున్నది. 1933లో ఓడరేవు తెరువబడెను. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. పరవాడ వద్ద మందుల కర్మాగారములకు ప్రత్యేక నగరమే వెలసెను. రేవును, ఉక్కును సాధించుకొన్న ఊరు ఇది. మందులను చౌకగా తయారుచేయు నేర్పు మన ప్రాంతమునకు లోటు లేదు. టెరిపారటైడును మన దేశపు కర్మాగారములే తయారుచేయుచున్నవి. కాని ఒకరు కనుగొన్న దానిని చౌకగా చేయుట ఒక యెత్తు, క్రొత్తదానిని కనుగొనుట మరియొక యెత్తు. సూదికి బదులు మ్రింగదగిన మందు, శీతలపేటిక అక్కరలేక మన్యపు గూడెమునకైనను చేరగల మందు, కూలివాడు కొనగల మందు ఇంకను రావలసియున్నవి. వాని అక్కర మనకున్నంత మరియెవ్వరికిని లేదు. అక్కర గలవాడే వెదకవలెను.

ఈ సందర్భమున మన వాడుకలోని వైద్యములను గూర్చి ఒక మాట. పుత్తూరు కట్టు తెలుగువారందరికిని తెలిసినదే. విరిగిన యెముకను నిలిపి యుంచుటకు కట్టు అవసరమే. కాని కట్టు విరిగిన యొక్క యెముకకు సంబంధించినది. గుల్లబారిన తక్కిన అస్థిపంజరమును అది ముట్టదు. నల్లేరు పచ్చడి మన పెద్దలు ఎరిగిన వంటకము. ప్రయోగశాలలలో నల్లేరుపై పరిశోధనలును జరిగినవి. అయినను అది వృద్ధుల విరుగుళ్ళను తగ్గించినట్లు వేలమందిపై జరిగిన పరీక్షలు స్థాపింపలేదు. పచ్చడిగా తినుడు, మందునకు బదులని మాత్రము తలపకుడు. మన యువశాస్త్రజ్ఞులలో ఎవరైనను దానిని ఆ కఠినపరీక్షకు నిలిపినచో, గెలిచినను ఓడినను అది దేశసేవయే.

ఇంతవరకు శాస్త్రము చెప్పితిమి. ఇక మన కర్తవ్యమును ఐదు మనవులుగా సభవారి ముందుంచుచున్నాము.

మొదటిది: ఏబదియేండ్లు దాటిన వారెవరైనను స్వల్పముగా పడినంతనే ఎముక విరిగినచో, కట్టు కట్టించుటతో తృప్తిపడకుడు. ఎముకల సాంద్రతను, రక్తమున కాల్షియమును డి విటమినును పరీక్షింపజేయుడు. మొదటి విరుగుడు రెండవదానికి దూత. మణికట్టు విరిగినప్పుడు మేల్కొన్నచో తుంటిని కాపాడుకొనవచ్చును.

రెండవది: మందుకన్న ముందు తిండి. పునాది లేనిచోట తాపీవాడేమి చేయగలడు? ఇటుకలు లేక కట్టు కణములును అంతియే. ఈ ఉత్తరాంధ్ర పల్లెలలో చోడి అంబలి త్రాగుట నామోషీయని పట్టణవాసులమైన పిమ్మట మానివైచితిమి. నూరు గ్రాముల చోడులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతోడనే తినదగిన నెత్తళ్ళు మన కందుబాటున నున్నవి. ఆడుబిడ్డకు పదునెనిమిదేండ్లలోపల పెట్టిన తిండియే ఆమెకు అరువదవయేట ఊతకర్ర. కొడుకునకు పాలగ్లాసును, కూతునకు మిగిలిన మజ్జిగయు ఇచ్చు వాడుక మనయిండ్లలో ఎక్కడనైనను మిగిలియున్నచో, నేటితో అది అంతరించుగాక.

మూడవది: సంఘ నిధినుండి ఒక భాగమును వైద్యసహాయమునకై ప్రత్యేకింపవలెను. దాతలు సత్రములు కట్టించిరి, వసతిగృహములు కట్టించిరి. వారి కీర్తి శాశ్వతము. ఎముకలు విరిగిన పేద వితంతువునకు వైద్యుడు ఎముక కట్టు మందును వ్రాసినచో, గడువు ముగియువరకు దానిని ఇప్పించి, పిమ్మటి మాత్రలను సైతము ఆపకుండ అందించుట సత్రము కట్టించుటకు తీసిపోదు. ఆరునెలలిచ్చి ఆపివేసిన సహాయము సహాయము కాదు.

నాలుగవది: ఔషధశాస్త్రము, జీవరసాయనము చదువు మన బాలబాలికలకు పరిశోధన పూర్తియగువరకు విద్యార్థి వేతనము లీయవలెను. పట్టము చేతికి రాగానే ఉద్యోగమున చేరుమని తొందరపెట్టు సంఘమున సుబ్బారావులు పుట్టరు. అట్లే మన సంచికలలో ప్రకటన లిచ్చు వర్తకులను మన్నింతుము. కాని ఎముకలను వజ్రమువలె చేయుదుమను చూర్ణముల ప్రకటనలకు, విరుగుళ్ళు తగ్గినట్లు రుజువు చూపనంతవరకు, మన సంచికయందు తావీయకుందుము గాక. నాలుగు రూపాయల ఆదాయముకై మన తల్లుల నమ్మికను అమ్ముకొనరాదు.

ఐదవది సున్నితమైనది, అయినను చెప్పక తప్పదు. మనలో మేనరికములు వాడుక. దగ్గర బంధువుల వివాహములవలన, ఇరువైపుల దాగియున్న దోషము బిడ్డయందు బయటపడుటకు అవకాశము హెచ్చు. అట్టి బిడ్డ పుట్టినపుడు, తక్కిన పిల్లల సంబంధములు చెడునను భయమున కుటుంబము ఆ సంగతిని దాచుచున్నది. బిడ్డ చీకటిగదిలో పెరుగుచున్నది. ఉర్క్ ఊరి బెస్తలు అట్లు దాచియున్నచో నేటి యీ మందు లోకమునకు లేదు. వ్యాధి కులమునకు కళంకము కాదు. దానిని దాచి మరియొక బిడ్డకు తెచ్చిపెట్టుటయే కళంకము. వివాహమునకు పూర్వము వైద్యుని సలహా నడుగుటయు, వంశవ్యాధులను నిర్భయముగా చెప్పుకొనుటయు మన సంఘము ఒక మర్యాదగా నెలకొల్పవలెను. అట్టి కుటుంబముతో సంబంధము వలదని వెలివేయుట కాక, మొదట అండగా నిలుచుట మన నియమము కావలెను.

సోదరీ సోదరులారా! ఒక సంఘము బలము దాని సభ్యసంఖ్యలో లేదు, ఊరేగింపు పొడవులో లేదు. ఫ్లోరైడు యెముకవలె చూచుటకు దట్టముగానుండి, భారము పడగనే విరుగు సంఘములును లోకమున గలవు. బలహీనుడైన సభ్యుడు కాలు జారినప్పుడు తెలియును మన కట్టడపు నాణ్యము. వచ్చు మహాసభనాటికి ఈ ఐదింటిలో రెండైనను ఆచరణకు వచ్చినచో, ఏ యొక్క తల్లియైనను తుంటి విరుగక తన కాళ్ళపై నడచి ఈ సభకు వచ్చినచో, ఈ ప్రసంగము సార్థకమైనదని భావింతుము.